అస్తరు లేని కోటు

ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. డిగ్రీ అయి ఇంట్లో ఉన్న రోజుల్లో, మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ, నేను తలుపు దగ్గరగా వేసుకుని ఫోన్‌లో మగవాళ్ల నడకలు చూసేదాన్ని. పరాయి దేశాల్లో, పొడుగాటి వేదిక మీద, నవ్వడం తెలియనట్టు నడిచే ఆ మోడళ్లతో నాకు పనిలేదు, చూసేది వాళ్ల ఒంటి మీది బట్టలనే. ఆ మాట చెబితే మాత్రం ఎవరు నమ్ముతారు? మొన్న బస్సు కోసం నిలబడి ఫోన్ తిప్పుతుంటే, రాబోయే వేసవి మగవారి బట్టల ప్రదర్శన ఒకటి కనిపించి వేలు అక్కడే ఆగింది. బస్సు వెళ్లిపోయింది.

నేనలా ఇంట్లో ఉన్నవి తెలంగాణ విడిపడిన రోజులు. చుట్టాలంతా అటువైపు కొత్త రాష్ట్రం సంబరంలో ఉంటే, సరిహద్దుకు ఇవతల చంద్రపూర్‌లో మా పెద్దబాపు, అంటే నాన్నకు అన్న, తన బట్టల దుకాణం ఎన్నాళ్లు నిలుస్తుందా అని దిగులుపడుతుండేవాడు. పెద్ద రెడీమేడ్ షోరూములు వచ్చాక సూట్లు కుట్టించుకునే పెళ్లికొడుకులు తగ్గిపోయారు. బిల్లులు రాయడానికి నన్ను రమ్మన్నాడు. ఒక్క పెళ్లిళ్ల సీజనే, తర్వాత ఇంటిపట్టునే ఉండాలని అమ్మ షరతు. డైరీ, నాలుగు కథల పుస్తకాలు ఉంటే మనుషులతో మాట్లాడనక్కర్లేదనుకునే నేను, ఆ దుకాణంలో వారం తిరగకుండానే ఇక్కడే ఉండిపోవాలని కోరుకున్నాను.

ఒకరోజు అన్నాలు తింటుండగా, మే నెల ఎండలో పెళ్లికొడుకులు సూట్లలో ఉడికిపోతున్నారని, లోపల అస్తరు, భుజాల్లో దూది లేకుండా పలుచని కోటు కుడితే బాగుంటుందని నెమ్మదిగా అన్నాను. పెద్దబాపు కాసేపు నమిలి, “అయితే గీ సీజన్ నువ్వే చెప్పు. పోతే దుకాణమే గద పోయేది” అని నవ్వాడు.

వచ్చే వేసవి బట్టలను ఆ దేశాలవాళ్లు ముందటి ఏడే చూపిస్తారు కాబట్టి నేను అప్పటికే చూసి ఉన్నాను. నా పద్ధతి ఒకటే. ఫోన్ తెర మీద టోపీని ఒక వేలితో, బూట్లను ఇంకో వేలితో మూసి, మిగిలిన ముక్కను మా మేనమామ బ్యాంకుకు తొడుక్కుని వెళ్లగలడా అని ఊహించుకునేదాన్ని. పూల పంట్లాలు, మోకాళ్ల దాకా వేలాడే చొక్కాలు అక్కడే రాలిపోయేవి. ఒకరినొకరు ఎరగని డిజైనర్లు నలుగురైదుగురు అదే కోటు మళ్లీ మళ్లీ చూపిస్తే, అది నిలిచే వేషమని లెక్క. ఆ ఏడు అందరూ చూపింది అస్తరు లేని కోటే, అదీ పాలరంగులో. పాలరంగు నూలు బట్ట తాను ఒకటి తెప్పించి, ఒకటి కుట్టించి గుమ్మంలో బొమ్మకు తొడిగాం.

సాయంత్రానికి దాని కాలరు నల్లబడింది. పుట్టి పెరిగిన ఊళ్లో బొగ్గు గనుల దుమ్ము సంగతి నాకెలా తట్టలేదో! దర్జీ కాక కోటు దులిపి, “తెల్లకోటు డాక్టర్‌కు మంచిగుంటది బిడ్డా. లాల్‌పేట్ పెండ్లికొడుకైతే బరాత్ దాటేసరికి బొగ్గుల బస్తా అయితడు” అన్నాడు. అందరూ నవ్వారు. నేను తానుల వెనక్కి పోయి కూర్చున్నాను, ఇక ఇంటికి పొమ్మంటారని. పెద్దబాపు మాత్రం కోటును తిరగేసి మరగేసి చూసి, “రంగు తప్పు గని కోటు తప్పు గాదు” అని, ఆ తానునంతా రంగులద్దే ఆయనకు పంపించాడు. అది పొగరంగులో తిరిగొచ్చింది.

మొదట కొన్నది, రెండు రాష్ట్రాలూ మాదంటే మాదనే జివతి పల్లెల నుంచి కొడుకును వెంటబెట్టుకొచ్చిన ఒక రైతు. కోటు లోపల చెయ్యి పెట్టి, “గిదేంది, అస్తరు మర్చిపోయిన్రా?” అన్నాడు. పెద్దబాపు నావైపు చూశాడు. “మర్చిపోలే కాకా, ఎండకని తీసేసినం” అన్నాను. కొడుకు అప్పటికే అద్దం ముందు భుజాలు ఆడిస్తున్నాడు. ఆ రైతు పెద్దగా నవ్వి, “మాకు రాష్ట్రాలైతే రెండున్నయ్ బిడ్డా, పోరనికి కోటే లేదు. గిదే కట్టియ్యి” అన్నాడు. ఆ పెళ్లి చూసినవాళ్లు వచ్చారు, తర్వాత కోఠారి నుంచి వాళ్ల చుట్టాలు వచ్చారు. సీజన్ అయిపోయినా ఇంటికి రమ్మని అమ్మ అడగలేదు.

ఇప్పుడు పెళ్లికొడుకులే ఫోన్‌లో బొమ్మ పట్టుకొచ్చి, అచ్చం ఇలాగే కావాలంటారు. వడపోసి ఇచ్చే మనిషి ఎవరికీ అక్కర్లేదు. తప్పు చేసిన పిల్లను తానుల వెనక నుంచి పిలిచి మళ్లీ గల్లా దగ్గర కూర్చోబెట్టే పెద్దలు ఎందరికి దొరుకుతారో కూడా తెలియదు. నాకు పెద్దబాపు దొరికాడు. ప్రతి సీజన్‌కూ గుడ్డ ముక్క చూపిస్తే రెండు వేళ్ల మధ్య నలిపి, కానిమ్మనో వద్దనో అనేవాడు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా ఒక ముక్క తీసుకెళ్లాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు, నా ముఖమే చూశాడు.

“నన్నడగకు బిడ్డా. దర్జీకి గుడ్డ కొయ్యమని చెప్పు.”