తువ్వాలు పరిచిన సీటు

మా స్కూలు స్టాఫ్‌రూములో ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే, నేను లోపలికి రాగానే ఆపేస్తారు. నేను అడిగే ప్రశ్నలు అలా ఉంటాయి. ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి చూశారు, చూసినాయన అప్పటికి ఏం తాగి ఉన్నాడు అని అడుగుతాను. బీఎస్సీ ఫిజిక్సు చదివి, నాయుడుపేటలో ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్సు చెబుతున్న మనిషిని. గాలీ ధూళీ నేను ఏనాడూ నమ్మలేదు. ఇది రాసిన తర్వాత కూడా నమ్ముతానని మాట ఇవ్వలేను. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఇందులో తప్పెక్కడుందో మీకు కనిపిస్తే చెప్పండి.

మా ఆయన పేరు మస్తానయ్య. చేపల ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసేవాడు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు వచ్చింది. నెల్లూరులో చూపించాం, మద్రాసులో చూపించాం. ఇంక మందులతో తగ్గేది కాదు, ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకుని ఉన్నన్నాళ్ళు ఉండడమే అన్నారు. ఆ మాట డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు గానీ, లోపల మంచం మీదున్న ఈయనకి అక్షరం పొల్లుపోకుండా వినపడింది.

మద్రాసు నుంచి అంబులెన్సులో తెచ్చాక ఆయనకి ఒకటి పట్టుకుంది. నెత్తిమీద కప్పున్న బండి ఎక్కలేడు. అద్దాలన్నీ దించినా సరే, కారు తలుపు పడిందంటే చెమటలు పట్టి మాస్కు పీకేసేవాడు. పుట్టిన ఊరేమో దొరవారిసత్రం దాటి పులికాట్ సరస్సు ఒడ్డున ఉంది. మా ఇంటి నుంచి గంట దారి కూడా కాదు. చేపలు పట్టి బతికే కుటుంబం వాళ్ళది. చదువుకుని ఒడ్డెక్కింది ఈయనొక్కడే. ఆ సరస్సు దగ్గర కాసేపు కూర్చోవాలన్నది తప్ప ఆయనకి ఇంకే కోరికా మిగల్లేదు.

ట్రాక్టరు ట్రక్కులో మంచం వేసి తీసుకుపోతామని మరిది పోలయ్య అన్నాడు. ఈయన ఒప్పుకోలేదు. "పండబెట్టి ఊరేగించేది ఎట్టా ఒకసారి తప్పదు గదరా. ఇప్పుడు మాత్రం కూచోనే పోతా" అన్నాడు.

ఆ సమయంలోనే బజారులో స్టీలు సామాన్ల కొట్టు నడిపే ఖాదర్ గారి కారు అమ్మకానికి వచ్చింది. చిన్న కారు. మీట నొక్కితే పైకప్పు మడత పడి వెనక్కి పోతుంది. మోజుపడి మద్రాసులో కొన్నాడు. ఆయన భార్య ఒక్కసారి ఎక్కి, బజారంతా తననే చూస్తోందని దిగిపోయి మళ్ళీ ఎక్కలేదు. ఈ సంగతి మా ఆయన చెవిన పడింది. ఇంక చూడండి.

ఖాదర్ గారు అబద్ధం చెప్పి అమ్మే మనిషి కాదు. నా ఖర్మ, అదే వచ్చింది చిక్కు. "ఇంజను వేడెక్కుద్ది టీచరమ్మా. ఒక్కోసారి స్టార్టు కాదు. టాపు సగంలో నిలబడిపోద్ది. ఉప్పుగాలికి వైర్లు తినేస్తా ఉండాయి. సామాను మద్రాసు నుంచే రావాల" అని ఉన్నదున్నట్టు చెప్పాడు. పోనీ ఒక్కపూటకి అద్దెకిస్తారా అంటే, దార్లో ఏదన్నా అయితే నా బండిలోనే అయిందంటారని వెనకాడాడు. ఈయనా ఒకరి బండి అడుక్కుని ఎక్కనన్నాడు.

నేను వద్దన్నాను. హైవే మీద ఆ కారు ఆగిపోయి, ఆక్సిజన్ సిలిండరు అయిపోతే ఏం చేయాలి? లారీల మధ్య మొగుణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలా? ఇల్లు లేచిపోయేలా పోట్లాడుకున్నాం.

"నేను కూడా ఆగిపోయే బండినే గదే. నన్ను అమ్మేసినావా?"

"కొనేవాడు దొరకలా" అన్నాను.

నవ్వి నవ్వి దగ్గొచ్చింది ఆయనకి. పెళ్ళయిన దగ్గర్నుంచీ మేం మాట్లాడుకున్నది ఇలాగే. ముద్దుగా ఒక్క మాట అనుకున్నది లేదు, వాదించుకోకుండా నిద్రపోయిందీ లేదు. చివరికి ఆయనే దారి చెప్పాడు. నేను కారు తోలుకుని వాళ్ళ ఊరిదాకా పోయి రావాలి. ఎక్కడా ఆగకుండా వస్తే కొనాలి. ఆగితే ఆయన ఇంక ఆ మాట ఎత్తడు. సరేనన్నాను. ఆగుతుందని నాకు గట్టి నమ్మకం.

మార్చి నెల. పొద్దున్నే పోలయ్య ఊరి నుంచి వచ్చాడు. వాళ్ళ అక్క కాంతమ్మ మా ఇంట్లోనే ఉండి తమ్ముణ్ణి చూసుకుంటోంది. బయల్దేరేముందు పోలయ్య వాళ్ళన్న భుజమ్మీది తువ్వాలు అడిగి తీసుకున్నాడు. ఎందుకని అడిగితే చెప్పాడు. వాళ్ళింట్లో పాత పడవ కొనేటప్పుడు, అది ఎవరిదవుతుందో ఆ మనిషి ఎక్కి ఒకసారి నీళ్ళలో తిరిగి రావాలట. ఆ మనిషి రాలేకపోతే, అతను కూర్చునే చోట అతని తువ్వాలు పరిచి పడవని తిప్పుకొస్తారు. సొంత రేవుకి చేరేదాకా ఆ తువ్వాలుని కదిలించరు, చేరాక మనిషిని పిలిచి దిగమంటారు. అట్లా చేస్తే పడవకి మనిషి తెలుస్తాడట. కారుకి కూడా తెలుస్తుందా అని వెటకారం చేశాను.

"తెలిస్తే మంచిదే గదా వదినా, తెలీకపోతే నీకేం నష్టం?" అన్నాడు.

కొట్టు ముందు టాపు తీసి ఉంది కారు. పోలయ్య నా పక్క సీటు మీద తువ్వాలు పరిచి, "ఇది అన్న సీటు. ఎవురూ కూచోబాకండి" అన్నాడు. పాపం ఖాదర్ గారు, కారు ఓనరై ఉండీ, పిల్లలకి కూడా చాలని ఆ వెనక సీట్లోకి పోలయ్యతో కలిసి దూరాడు. "నా కారులో నాకే టికెట్ లేకుండా పోయిందే" అని నవ్వాడు.

స్టార్టు చేశాను. కదలగానే గంట మోగడం మొదలుపెట్టింది. సీట్లో మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే మోగే గంట. నా బెల్టు నేను పెట్టుకునే ఉన్నాను. మోగుతున్నది పక్క సీటుకి.

కారు ఆపి, పోలయ్య వద్దంటున్నా తువ్వాలు తీశాను. గంట ఆగింది. పరిచాను, మోగింది. తువ్వాలు తీసి నా హ్యాండ్‌బ్యాగు పెట్టాను. అందులో నీళ్ళ బాటిలూ, పిల్లల సైన్సు పుస్తకాలూ ఉన్నాయి, తువ్వాలు కంటే చాలా బరువు. మోగలేదు. తువ్వాలు మళ్ళీ పరిస్తే మోగింది. ఉప్పుకి సెన్సారు పాడైందన్నాను. "ఉత్త సీటుకి ఎప్పుడూ మోగలా టీచరమ్మా. నా భార్య కూచున్నప్పుడు మోగింది, అంతే" అన్నాడు ఖాదర్ గారు. పోలయ్య ముందుకి వంగి తువ్వాలు మీదుగా బెల్టు పెట్టాడు. గంట ఇంక నోరు మూసుకుంది.

హైవే ఎక్కాం. గాలి చెంపలు వాయిస్తోంది. నా చీర కొంగు లోపలికి దోపుకున్నా ఆగడం లేదు. పక్కన ఆ తువ్వాలు కొస కూడా లేవలేదు. ఖాళీ సీటుకి పెట్టిన బెల్టు సీటుని కరుచుకుని ఉండాలి. ఇదేమో కొంచెం ఎత్తుగా, జబ్బు రాకముందు ఆయనకున్నంత పొట్ట మీద నిలిచినట్టు నిలిచింది. గాలికి పొంగిందనుకున్నాను. ఇప్పుడూ అలాగే అనుకుందాం, నాకేం అభ్యంతరం లేదు.

దొరవారిసత్రం దగ్గర ఎడమకి తిరిగి, ఎదురెండలో సరస్సు దాకా పోయాం. రోడ్డు అయిపోయినచోట ఇంజను ఆపాను. నీళ్ళు చాలా లోపలికి పోయి ఉన్నాయి. దూరంగా కొంగల గుంపు. పడవలు బురదలో ఒరిగి ఉన్నాయి.

పోలయ్య కిందికి దిగి, చుట్టూ తిరిగొచ్చి, ఆ బెల్టు ఊడదీశాడు. "దిగన్నా, మన రేవొచ్చింది" అన్నాడు. వేళాకోళంగా అనలేదు. మామూలుగా, మనిషితో అన్నట్టే అన్నాడు. ఇట్లాంటి వేషాలు నా ముందు వేయొద్దని కసిరాను. కాసేపు నిలబడి వచ్చేశాం.

తిరిగి వచ్చేటప్పుడు టాపు మూసుకోలేదు, సగంలో బిగుసుకుపోయింది. మళ్ళీ వెనక్కి తోసి అట్లాగే తోలాను. హైవే ఎక్కాక ఖాదర్ గారే ముందు గమనించాడు. "ఇప్పుడు మోగటం లేదేంది?" తువ్వాలు సీటు మీదే ఉంది. బెల్టు పెట్టడం మరిచిపోయాం. గంట మాత్రం లేదు. అద్దంలో పోలయ్య మొహం చూశాను. నల్లటి మనిషి, బూడిద రంగుకి తిరిగాడు.

కారు ఎక్కడా ఆగలేదు. వేడెక్కలేదు. ఒప్పందం ప్రకారం నేను ఓడిపోయాను. ఓడిపోయి సంతోషపడింది నా బతుకులో ఆ పూటే. ఆయన ఎంత ఎగతాళి చేస్తాడో, దానికి నేను ఏం అనాలో కూడా సిద్ధం చేసుకుని ఇంట్లోకి వచ్చాను.

"నువ్వు పోయిన కాసేపటికి నిద్రపోయినాడమ్మా, ఇప్పుడే లేచినాడు. అంతదాకా లేపినా లేవలా" అంది కాంతమ్మ.

"కారు ఆగలేదు" అన్నాను ఆయనతో.

"తెలుసు" అన్నాడు.

"అయితే కొందామా?"

"నీ ఇష్టం" అన్నాడు.

అప్పుడు చూశాను. ఆయన ఎడమ చెంప కమిలి ఎర్రగా ఉంది. ఎడమ ముంజేయి కూడా. ఆయన పడుకునేది ఇంటి మధ్య గదిలో, ఎండ తొంగిచూడని చోట. మాస్కు ఒరిపిడి అయితే రెండు చెంపలకీ ఉండాలి. మర్నాడు ఇంటికొచ్చిన డాక్టరు నేను అడక్కముందే, "ఎండలో కూర్చోబెట్టారా?" అన్నాడు. కాంతమ్మని ఎన్ని రకాలుగా అడిగానో లెక్కలేదు. మంచం కదల్చలేదని ఒట్టేసింది.

నాకు చెప్పగలిగినంత ఫిజిక్సు చెబుతాను. నాయుడుపేట నుంచి దక్షిణంగా పోతున్నప్పుడు పొద్దుటి ఎండ, నా పక్క సీట్లో ఉన్న మనిషి ఎడమ చెంప మీద పడుతుంది. ఉత్తరంగా తిరిగి వచ్చేటప్పుడు కుడి చెంప మీద పడాలి. మేం వచ్చేటప్పటికి ఇంకా ఎండ నెత్తిమీదికి రాలేదు. నా కుడి చెయ్యి మాడింది. ఆయన కుడి చెంప మాత్రం ఎప్పట్లాగే పాలిపోయి ఉంది.

సొంత రేవు చేరాకే మనిషిని దిగమనాలి గదా. పోలయ్య లెక్కలో వాళ్ళన్న సొంత రేవు ఆ సరస్సు ఒడ్డు. ఈ ఇల్లు వాళ్ళన్నకి రేవని వాడికి తోచనే లేదు. "మనూరు గదా వదినా, అందుకే దిగమన్నా. తిరిగి ఎక్కమని చెప్పకపోతిని" అని మా వసారాలో కూర్చుని ఏడ్చాడు. పిచ్చివాగుడు వాగొద్దని తిట్టాను.

ఆ తర్వాత మా ఆయన నాతో వాదించలేదు. నేను ఊరుకుంటానా? కూరలో కావాలని ఉప్పెక్కువ వేశాను. తిన్నాడు. వాళ్ళ అమ్మ మీద మాటలన్నాను. విన్నాడు. ఖాదర్ గారిని బతిమాలి కారు మా గుమ్మం ముందుకే తెప్పించాను, టాపు తీయించి మరీ. "రండి, కూచోనే పోదాం" అన్నాను. ఒకసారి చూసి, "ఎందుకులే, చూసినాం గదా" అని గోడవైపు తిరిగాడు. ఆయన ఏ కోపమూ లేకుండా నాతో మాట్లాడింది ఆ రోజుల్లోనే. పరాయివాళ్ళ ఇంట్లో ఉన్నంత మర్యాదగా ఉన్నాడు.

మామిడికాయలు బజారుకి దిగేలోపల పోయాడు.

కారుని సూళ్ళూరుపేట వైపు వాళ్ళెవరో కొన్నారు. ఇంతవరకూ ఎక్కడా మొరాయించలేదని ఖాదర్ గారు మొన్న కనిపించి చెప్పాడు. చెప్పకుండా ఉంటే బాగుండేది.

సెన్సారుకి కారణం చెప్పగలను, ఉప్పు. బెల్టుకి చెప్పగలను, గాలి. చెంపకి కూడా ఏ మందుల వేడో అని ఎవరైనా అంటే కాదనను. ఒక మనిషికి మిగిలిన ఒకే ఒక్క కోరిక, మంచం దిగకుండా, ఒక్క పూటలో ఎట్లా తీరిపోయిందో మాత్రం నాకు ఈరోజుకీ తెలియదు. తీరకుండా ఉంటే ఇంకొన్నాళ్ళు నాతో పోట్లాడేవాడు.