మినిట్స్‌లో రాయని ‘వద్దు’

2007 నవంబరు ఇరవై, మంగళవారం. మా ఎదురింటి బాయిలర్ మేస్త్రి మొన్న గురువారం పొద్దున ఖమ్మం దవాఖానాలో చనిపోయారు. శుక్రవారం చర్చి వెనక సమాధుల తోటలో మట్టి చేశాం. ఆదివారం సంతాప సభ జరిగింది. ఆ సభలో మన కలప రైలు సంఘం కార్యదర్శి లేచి, డిసెంబరు రెండున ఇంజనుకు పూలదండ వేసి, వెనక పెట్టె తగిలించి, ఊళ్లో పిల్లలందరినీ ఎక్కించి వాగు దాకా నడుపుతామని, అదే మేస్త్రికి మనమిచ్చే నివాళి అని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లు వినడం నాకు ఇదే మొదటిసారి.

బయటికి వస్తుంటే కార్యదర్శి నా పక్కకు వచ్చారు. “టీచరుగారూ, మన పత్రికకు మేస్త్రి గురించి అరపేజీ రాసియ్యండి. నాలుగు మంచి మాటలు. పైన ఫొటో వేస్తం.”

అరపేజీలో పట్టదు. మంచి మాటలతో సరిపెట్టడమూ కుదరదు. ఆ రెండో తారీకుకు ఇంకా పన్నెండు రోజులున్నాయి కాబట్టి ఈరోజే కూర్చుని రాస్తున్నాను.

ఈ పత్రిక కొత్తగా చూస్తున్నవారికి కొంత చెప్పాలి. చండ్రుగొండ దాటి అడవిలోకి పోతే మూతపడిన కలప డిపో ఒకటి ఉంది. ఒకప్పుడు దుంగలు మోసిన చిన్న ఆవిరి ఇంజను అక్కడి షెడ్డులో తుప్పు పట్టి ఉండేది. దాని పొగగొట్టంలోంచి తుమ్మ మొక్క మొలిచింది. దాన్ని బాగుచేసి, మిగిలిన రెండు మైళ్ల లైను మీద మళ్లీ నడపాలని ఐదేళ్ల కిందట తొమ్మిదిమందిమి పూనుకున్నాం. జీతాలు లేవు. ఎవరికి చేతనైన పని వాళ్లు చేశాం. నేను బడి నుంచి రిటైరైన మనిషిని. నాకు చేతనైంది రాయడం. ఏ రోజు ఎవరు ఏ పని చేశారో, ఏ బోల్టు విప్పారో, ఏది బిగించారో పనుల పుస్తకంలో రాసేదాన్ని. సంఘం మీటింగుల మినిట్స్ కూడా నేనే రాసేదాన్ని. ఈ రెండో సంగతి గుర్తు పెట్టుకోండి.

మేస్త్రి ఉత్తరాదిలో ఎక్కడో ఒక చక్కెర మిల్లులో ముప్పై ఏళ్లు చెరకు బళ్ల ఇంజన్ల మీద పనిచేసి, ముసలితనంలో మా వీధికి వచ్చారు. మొదట ఈ పనికి రానన్నారు. “టీచరమ్మా, నడిపే ముచ్చటైతే చానమందికి ఉంటది. కడిగే ఓపిక ఎందరికున్నదో చూసి చెప్పుండ్రి, అప్పుడొస్త” అన్నారు. నేను చూసి, ముగ్గురికి ఉందని చెప్పాను. “ముగ్గురు చాలు” అని మర్నాడే బయల్దేరారు.

మొదటి వారం ఆయన చేసిన పని సుత్తితో కొట్టడం. బొగ్గు మండే పొయ్యి చుట్టూ బాయిలర్ నీళ్లుంటాయి. పొయ్యి గోడ ఆ ఒత్తిడికి లోపలికి కూలకుండా వరసలు వరసలుగా ఇనుప కడ్డీలు పట్టి ఉంచుతాయి. కడ్డీ బాగుంటే సుత్తి దెబ్బకు మోగుతుంది. లోపల విరిగి ఉంటే మోగదు. డెబ్బై ఏళ్ల మనిషి పొయ్యి తలుపులోంచి పాకి లోపలికి పోయేవారు. నేను బయట స్టూలు వేసుకుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని కూర్చునేదాన్ని. లోపలి నుంచి గొంతు గుహలోంచి వచ్చినట్టు వచ్చేది.

“నాలుగో వరస. ఐదోది మోగింది. ఆరోది మోగలే. రాసిండ్రా?”

“రాశాను.”

“చదువుండ్రి.”

నలభై ఏళ్లు నేను పిల్లలకు డిక్టేషన్ చెప్పి, చదవమని గద్దించిన దాన్ని. నన్ను చదవమన్న మొదటి మనిషి ఈయన. మొదటిరోజు నాకు ఒళ్లు మండింది. “మేస్త్రీ, నేను రాసింది తప్పు పోదు” అన్నాను. లోపలి నుంచి జవాబు వచ్చింది: “మీ రాత తప్పు పోదు టీచరమ్మా. నా నోరు తప్పు పోవచ్చు. నేను చెప్పింది నాకే వినబడాలె.” ఆ తర్వాత ప్రతి వరసా చదివాను. మొత్తం నూట ఎనభై నాలుగు కడ్డీలు. మోగనివి పదకొండు. ఆ పదకొండూ మార్చడానికి ఏడాదిన్నర పట్టింది.

పని అయ్యాక కిరోసిన్ గుడ్డతో చేతులు తుడుచుకునేవారు. ఇంటికొచ్చాక ఆ గుడ్డ తమ అరుగు కమ్మీ మీద ఆరేసేవారు. అది కమ్మీ మీదికి వచ్చిందంటే మేస్త్రి ఇల్లు చేరారని మా వీధికి లెక్క. టీ సాసర్లో పోసుకుని తాగేవారు. కళ్లలో పొర వచ్చాక పొద్దున్నే నేను ఈ అరుగు మీది నుంచి పేపరు చదివితే ఆయన ఆ అరుగు మీద కూర్చుని వినేవారు. నేను కాస్త ఆగితే “చదువుండ్రి” అనేవారు.

పని నేర్పడంలో ఆయనకు ఎక్కువతక్కువలు లేవు. వాగు నుంచి ఇంజనుకు నీళ్లు మోయడానికి గూడెం నుంచి ముత్తమ్మ వచ్చేది. నీళ్లు మోసే మనిషికే నీళ్లు చూడటం రావాలని, బాయిలర్లో నీళ్ల మట్టం చూపించే గాజు గొట్టాన్ని చదవడం ఆమెకు నేర్పారు. ఒక రోజు వాగు దగ్గర, లైను కిందికి దిగేచోట ఆమె తాగునీళ్ల గిన్నె తీసుకుని ముందుకు వంచారు.

“చూడు బిడ్డా. ఇంజను గిట్ల దిగుతున్నదనుకో. నీళ్లు ఏ దిక్కు పోతయి?”

“ముంగటికి.”

“ఎనక ఏమున్నది?”

“అడుగు తేలింది.”

“ఆ ఎనకనే పొయ్యి ఉన్నది. దాని కప్పు మీద నీళ్లు లేకుంటే ఇనుము మెత్తబడి కూలుతది. అందుకే దిగేటప్పుడు గాజు మీదికెల్లి కన్ను తీయొద్దు.”

“గింత ముచ్చటకు నా తాగే నీళ్లన్ని పారబోసినవ్ గద తాతా” అంది ముత్తమ్మ. మేస్త్రి నవ్వడం నేను చూసిన కొద్దిసార్లలో అది ఒకటి.

కన్ను తప్పినా కాపాడటానికి ఇంకొకటి ఉంటుంది. పొయ్యి కప్పులో బిగించే ఇత్తడి బిరడా. దాని నడుమ సీసం పోసి ఉంటుంది. లెడ్ ప్లగ్గు అంటారు. నీళ్లు తగ్గి కప్పు కాగితే అన్నిటికంటే ముందు ఆ సీసం కరుగుతుంది. ఆవిరి చిమ్మి నిప్పు మీద పడుతుంది. లోపల ఏదో తేడా వచ్చిందని చప్పుడుతో చెబుతుంది, మనుషులు దిగి పరుగెత్తే వ్యవధి ఇస్తుంది. మిల్లులో పనిచేసే రోజుల్లో ఒకసారి అలా కరిగిన ప్లగ్గును మేస్త్రి పారేయకుండా చొక్కా జేబులో పెట్టుకున్నారు. నడుమ చిల్లు పడిన ఇత్తడి ముక్క. “ఆ దినం నాతోని ఐదుగురం ఇంటికి పోయినం” అనేవారు. అంతకంటే ఎక్కువ చెప్పేవారు కాదు.

ఇక మొన్న ఆగస్టు సంగతి. పదిహేనో తారీకున పెద్దమనుషులు వస్తున్నారు, ఇంజను నూరు గజాలు నడిపి చూపించాలన్నారు. ఆ వారం మేస్త్రి వైరాలో కూతురింట్లో ఉన్నారు. పొయ్యి రాజేసి చూస్తే ప్లగ్గు దగ్గర నీళ్లు కారుతున్నాయి. కార్యదర్శి ఊళ్లోంచి ఒక వెల్డింగు మనిషిని పిలిపించి ప్లగ్గు తీయించి, దాని చోట గట్టి ఇనుప బోల్టు బిగించారు. కారడం ఆగిపోయింది. అందరికీ సంతోషం.

పద్నాలుగున మేస్త్రి వచ్చారు. అలవాటు ప్రకారం పొయ్యిలోకి పాకారు. సుత్తి చప్పుడు వినిపించలేదు. బయటికి వచ్చి, చేతులు కూడా తుడుచుకోకుండా మీటింగులో కూర్చున్నారు.

“ఆ బోల్టు ఎవలు పెట్టిండ్రు?”

కార్యదర్శి అన్నారు, “కారుతున్నదని పెట్టించినం మేస్త్రీ. కారుడు మంచిది కాదని మీరే అంటిరి గద.”

“కారితే కొత్తది పెట్టాలె. దాని నోరు మూసుడు కాదు. గీ బోల్టు కరగదు. ఇగ మనకు చెప్పేదెవ్వరు?”

“నూరు గజాలే గద! మీరు మరీ పాతకాలం భయాలు పెట్టుకుంటున్నరు.”

“నూరు గజాలకు నిప్పు తక్కువ పెడ్తరా?”

ఎవరో నవ్వారు. కార్యదర్శి, “రేపటి కార్యక్రమం అనుకున్నట్టే. అందరికీ సమ్మతమేనా?” అన్నారు. ఏడుగురు తలలు వంచుకున్నారు. మేస్త్రి “వద్దు” అన్నారు. ఒకటే మాట, గట్టిగానే అన్నారు. నాకు స్పష్టంగా వినిపించింది.

నేను రాసింది ఇది: “ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.”

ఎందుకు రాశానో చెప్పకుండా ఇతరుల మీద కోపం చూపించే హక్కు నాకు లేదు. మినిట్స్‌లో ఎప్పుడూ రాసే మాట కాబట్టి చెయ్యి దానంతట అదే రాసిందని చెప్పవచ్చు. అది అబద్ధం. ఐదేళ్లు పుస్తకం నింపినదాన్ని, ఒక్కసారి ఆ ఇంజను పట్టాల మీద కదలడం చూడాలని నాకూ ఉంది. అదే నిజం. లేచి వెళ్తూ మేస్త్రి గుమ్మంలో ఆగారు. “చదువుండ్రి టీచరమ్మా” అన్నారు. “రేపు చదువుతాను” అని నేను పుస్తకం మూశాను.

మర్నాడు మినిట్స్ నకలు షెడ్డు బోర్డు మీద అంటించారు. మేస్త్రి ముక్కు ఆనించి చదివారు. నా దగ్గరికి వచ్చి చాలా మెల్లగా అడిగారు. “నేను వద్దంటే గూడ ఏకగ్రీవమే అయితదా టీచరమ్మా?” ఇంజను నూరు గజాలు నడిచింది. ఏమీ కాలేదు. ఏమీ కాలేదన్నదే ఇప్పుడు కార్యదర్శి చేతిలో ఉన్న ఒకే ఒక రుజువు. చదును నేల మీద నూరు గజాలు నడిచిన ఇంజను, బరువు లాగుతూ వాగులోకి దిగేటప్పుడు కూడా అలాగే ఉంటుందని అనుకునేవాళ్లు ముత్తమ్మ గిన్నెను ఒకసారి వంచి చూడాలి.

సెప్టెంబరులో మేస్త్రికి సన్మానం చేశారు. శాలువా కప్పి, గౌరవ సలహాదారు అని పేరు పెట్టి, ఆ వేదిక మీదే షెడ్డు తాళంచెవి తీసుకున్నారు. మీకు శ్రమ తగ్గిస్తున్నామన్నారు. ఆ రోజు కూడా చప్పట్లు కొట్టారు. తర్వాత మేస్త్రి అడవికి పోలేదు. అరుగు మీద కూర్చుని ఆకురాయితో రెండు కొత్త ప్లగ్గులు తయారు చేశారు. వాటిని ఎవరూ అడగలేదు. నాతో మాట్లాడటం ఆయన మానలేదు. పేపరు మాత్రం తానే ముక్కు దగ్గర పెట్టుకుని అక్షరం అక్షరం చదువుకున్నారు. “చదువుండ్రి” అన్న మాట మళ్లీ నాతో అనలేదు.

సంఘంవాళ్లు ఆయన్ని చంపారని నేను రాయను. డెబ్బై ఐదేళ్లు, గుండె జబ్బు. కార్యదర్శి చెడ్డమనిషి కాదు. ఎండల్లో నిలబడి లైను మీద తుప్పలు కొట్టించింది ఆయనే. ఆయన లేకపోతే ఈ లైనే లేదు. నా కోపం వేరు. బతికి ఉండగా మేస్త్రి ‘వద్దు’ను మినిట్స్‌లోంచి తీసేసి, చనిపోయాక ఆయన పేరు మీదే ఆ నిప్పు రాజేస్తామంటే, దాన్ని నివాళి అనడానికి నోరెలా వచ్చింది? ఆదివారం చప్పట్ల మధ్య ముత్తమ్మ లేచి, “తాత వద్దన్న బండికి నేను నీళ్లు మొయ్య” అని బయటికి పోయింది. చదువుకున్నవాళ్లం మిగతా అందరం కూర్చునే ఉన్నాం.

మట్టి చేసిన రోజున మేస్త్రి కూతురు నాకు కాగితంలో చుట్టిన ఒక వస్తువు ఇచ్చింది. “నాయిన జేబుల ఎప్పటికీ ఇది ఉండేది. టీచరమ్మకియ్యమన్నడు. ఏందో మాకు తెల్వదు” అంది. నాకు తెలుసు.

ఇక జరగవలసినవి:

1. డిసెంబరు రెండున నిప్పు పెట్టకూడదు. దండ కూడా అక్కర్లేదు.

2. ఆ బోల్టు తీయాలి. మేస్త్రి చేసిన కొత్త ప్లగ్గులు రెండూ వాళ్ల ఇంట్లో బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. బాయిలర్ ఇన్‌స్పెక్టర్ వచ్చి వాటిని పరీక్షించి, బాగున్నాయన్న తర్వాతే ఒకటి బిగించాలి.

3. నూట ఎనభై నాలుగు కడ్డీలూ మళ్లీ కొట్టి చూడాలి. ఎవరు కొట్టినా సరే, స్టూలు మీద నేను కూర్చుంటాను. ప్రతి వరసా పైకి చదువుతాను.

4. షెడ్డు తాళంచెవి ముత్తమ్మకు ఇవ్వాలి. గాజు గొట్టంలో నీళ్లు చూడటం మనలో ఆమెకొక్కదానికే వచ్చు.

5. ఆగస్టు పద్నాలుగు మినిట్స్‌లో ‘ఏకగ్రీవంగా’ అన్న మాట కొట్టేసి, ‘మేస్త్రి వద్దన్నారు, రాసినవారు దాచారు’ అని అందరి ముందూ రాసి నేను సంతకం చేస్తాను. అయ్యాక పైకి చదువుతాను.

6. ఇవన్నీ జరిగాక, ఇంజను నడిపేవాళ్లు నిలబడే చోట, కళ్లకు ఎదురుగా, ఆ పాత ప్లగ్గు వేలాడదీయాలి. అంతవరకు అది నా దగ్గరే ఉంటుంది. ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. ఎత్తి కిటికీ వైపు పట్టుకుంటే ఆ చిల్లులోంచి ఎదురింటి అరుగు కనిపిస్తుంది. కమ్మీ మీద కిరోసిన్ గుడ్డ ఇంకా అలాగే ఉంది. ఎవరూ తీయలేదు.