పొగ తప్పిపోయిన ఆదివారం

ఆ రోజుల్లో మా జంషెడ్‌పూర్ తెలుగోళ్ళలో పెళ్ళీడు పిల్ల ఆదివారం పూట తుప్పల్లోకి నడిచిపోతోందంటే రెండే కారణాలు: మేకైనా తప్పిపోయి ఉండాలి, మతి అయినా పోయి ఉండాలి. మాకు మేకల్లేవు. మాంగో బస్తీలో మా వీధి దాటితే దల్మా కొండ కింద దాకా రేగు, తంగేడు, కలివి పొదలే. వాటిలో కౌజులు, కుందేళ్ళు, అదృష్టం బాగుంటే నెమలి. ఎవరేమన్నా నేను వెళ్తూనే ఉన్నాను. "పిట్టల్ని సూడ్డానికా? మన సూరు మీద పిచికలు పిట్టలు కావేటే?" అని నాన్నమ్మ శాపనార్థాలు పెడుతూనే ఉంది. చివరికి కార్ఖానాలో ఫర్నేస్ దగ్గర పనిచేసే మా నాన్న తీర్పు చెప్పేశాడు. "ఈ వారం నానూ వత్తాను. దారి తప్పావో, ఇంక గడప దాటడం బంద్!" "తప్పకపోతే?" అన్నాను (నోరు అప్పుడూ ఇంతే). "నీ ఇష్టం," అన్నాడు.

వెళ్ళాం. కాళ్ళ దగ్గర్నుంచి కౌజుల గుంపు బుర్రుమని లేచేసరికి నాన్న హడలిపోయి రేగుపొదలో కూర్చుండిపోయాడు. నేను నవ్వలేదు (పైకి). తిరిగొచ్చేటప్పుడు జంట పుట్టల దగ్గర ఎడమకి తిరగాలన్నాను. నాన్న ఆకాశంలోకి చూశాడు. మా ఊళ్ళో అందరికీ అదే అలవాటు, ఎక్కడ తప్పిపోయినా కార్ఖానా పొగ వైపు నడిస్తే ఇల్లొచ్చేస్తుంది. "అదిగో పొగ! పదా."

"అది మన పొగ కాదు నాన్నా."

"పొగలో మనదీ పరాయిదీ ఏటే? పెళ్ళి కాకముందు నుంచీ మింగుతున్నాను, నాకు నేర్పుతావా? చలో!"

ముళ్ళు గీరుకుంటూ నడిచి నడిచి చేరింది ఇటుకల బట్టీకి. అక్కడి మేస్త్రీ మమ్మల్ని ఎగాదిగా చూసి, "కామ్ చాహియే క్యా?" అన్నాడు, పని కోసం వచ్చామనుకుని. నాన్న ముఖం కాల్చిన ఇటుక రంగుకి తిరిగింది. నేను వెనక్కి తిరిగి పుట్టల దారి పట్టాను. నాన్న ముళ్ళు పీక్కుంటూ నా వెనకే వచ్చాడు. ఇంటికెళ్ళాక ఈయన మాట మార్చేస్తే నా ఆదివారాలు గోవిందా!

గుమ్మంలోనే నాన్నమ్మ, "సెప్పానా! పిల్ల దారి తప్పిపోనాదా?" అంది.

నాన్న చెప్పులు విప్పుతూ, "పిల్ల తప్పలేదమ్మా. పొగే తప్పిపోనాది," అన్నాడు.

ఇప్పుడు ఈ వయసులో మోకాళ్ళు జంట పుట్టల దాకా రామంటున్నాయి. తిట్టుకుంటూ లాక్కెళ్తున్నాను. "మమ్మీ, అకేలీ మత్ జావో!" అని, ఒంటరిగా వెళ్ళొద్దంటూ మా అమ్మాయి గుమ్మంలోంచి అరుస్తుంది.

"మేక తప్పిపోయిందే," అని బూట్లు బిగిస్తాను. మాకు ఇప్పటికీ మేకల్లేవు.