తంగేడు తెస్తానన్న అల్లుడు

భాద్రపదం వెళ్లగానే ఊరందరికీ పండగ కళ వస్తుంది. నాకు మాత్రం నీరసం వస్తుంది. ఎందుకో తెలియాలంటే, కొంపల్లిలో ఒక కాలనీ మొత్తం కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని బతుకమ్మ ఆడిన సాయంత్రం గురించి చెప్పుకోవాలి. ఆ ఘనకార్యం నాదే. మా బంధువులు చెప్పేలోపు నేనే చెప్పేస్తే పరువు కొంతైనా మిగులుతుందని ఆశ. మిగలదని తెలుసు, అయినా ఆశ.

నాది తెనాలి పక్క. మా ఆవిడ సంధ్యది మేడ్చల్. పెళ్లయిన కొత్తలో నాకొక జబ్బు పట్టుకుంది. మొక్కలను గుర్తుపట్టే బృందం ఒకటి ఆదివారాలు శామీర్‌పేట గుట్టల వెంట తిరుగుతుంటే, నేనూ వాళ్ల తోక పట్టుకుని రెండుసార్లు వెళ్లొచ్చాను. రెండు నడకలకే పండితుణ్ని అయిపోయాను. దారిన పోయేవాణ్ని ఆపి మరీ ఇది వావిలి, అది బలుసు అని చెప్పేవాణ్ని. అనుమానం వస్తే ఫోన్‌లో మొక్కల పేర్లు చెప్పే యాప్ ఉండనే ఉంది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు కదా. మా ఇంట్లో ఆ శని అల్లుడి ఫోన్‌లో ఉండేది.

ఆ ఏడు మా కాలనీ వాళ్లకు బతుకమ్మను పద్ధతిగా చేద్దామన్న కోరిక పుట్టింది. కాలనీలో సగానికి పైగా మా కోస్తా వాళ్లే. అప్పటిదాకా బజారు బంతిపూలు పేర్చి, ఫొటోలు దిగి, ఇళ్లకు పోయేవారు. ఈసారి తెలిసిన మనిషి ముందుండి నడిపించాలని, కాలనీ ఆడవాళ్లకు పెద్దదిక్కయిన పార్వతిగారు మా అత్తగారు యాదమ్మను పిలిచారు. ఆవిడ ఒప్పుకుంటూనే నాకు ఫోన్ చేశారు.

"బంతిపూలు ఎన్నన్న పెట్టుకోండ్రి అల్లుడా, తంగేడు లేకుంటే గది బతుకమ్మ గాదు, పూలకుప్ప. నా మోకాళ్లు బాగుంటే నేనే తెంపుకొస్తుంటి. మా పిలగాన్ని పంపియ్యాల్నా?"

పిలగాడంటే మా బావమరిది. పంపమంటే పోయేది. కానీ పెళ్లయి రెండేళ్లయినా ఆవిడ నన్ను చుట్టపుచూపుగా వచ్చినవాడిలాగే చూసేవారు. కుర్చీ వేసేవారు, మంచినీళ్లు ఇచ్చేవారు, చనువు మాత్రం ఇచ్చేవారు కాదు. నాకూ ఆ ఇంట్లో ఒక మనిషినని అనిపించుకోవాలని మహా కోరికగా ఉండేది. అందుకే, మీరు నిశ్చింతగా ఉండండి అత్తయ్యగారూ, శామీర్‌పేట పొదలన్నీ నాకు చుట్టాలే అన్నాను.

సద్దుల బతుకమ్మ రోజు పొద్దున్నే స్కూటర్ మీద శామీర్‌పేట దాటి వెళ్లాను. దారి పక్కన బీడులో ఒకటే పసుపు. ఫోన్ తీసి ఒక కొమ్మకు చూపించాను. అది తంగేడు వంశం పేరు చెప్పింది. కింద ఇంకేదో కూడా రాసింది గానీ ఎండలో సరిగా కనిపించలేదు, కనిపించేదాకా ఆగే ఓపికా నాకు లేదు. వంశం తెలిశాక ఇంటిపేరుతో పనేమిటి? రెండు గోనె సంచుల నిండా ఆకులతో సహా తెంపేశాను. పూలు తప్పయినా నడుం నొప్పి మాత్రం నిజమైనదే వచ్చింది.

సంధ్య పక్కనుంటే మొదటి కొమ్మ దగ్గరే నన్ను ఆపేది. ఆవిడ ఆఫీసు నుంచి అటే మేడ్చల్ వెళ్లి వాళ్లమ్మను తీసుకురావాలి. కాబట్టి మధ్యాహ్నం కమ్యూనిటీ హాల్లో తంగేడు అంటే తెలియని ఆడవాళ్లూ, తెలుసనుకున్న నేనూ కూర్చుని పేర్చాం. ఒక్కొక్కరి తాంబాళంలో గోపురం లేస్తున్న కొద్దీ వాసన కూడా లేచింది. నలిగిన ఆకుల కంపు. ఎవరో కిటికీలు తెరిచారు. ఇంకెవరో అగరొత్తులు వెలిగించారు. దాంతో కంపుకు భక్తి కూడా తోడైంది.

"తంగేడు వాసన ఇలా ఉంటుందా అండీ?" అని పార్వతిగారు ముక్కు దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని అడిగారు.

"అడవి పువ్వు కదండీ, అలవాటు పడాలి," అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, పైగా శాస్త్రీయ నామం కూడాను.

చీకటి పడే వేళకు అత్తగారు వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయారు. తర్వాత మెల్లగా వచ్చి ఒక బతుకమ్మ ముందు వంగి, ఒక ఆకు తుంచి వేళ్లతో నలిపి చూసి, నన్ను పక్కకు పిలిచారు.

"గిది తంగేడు గాదు, కసింద, అల్లుడా," అన్నారు, ఎవరికీ వినబడకుండా.

వెనక సంధ్య స్తంభం చాటుకు పోయింది. ఆవిడ భుజాలు కదలడం చూసి ఏడుస్తోందనుకున్నాను. కాదు. అది నవ్వు. నాకు మాత్రం నిజంగానే ఏడుపొచ్చింది. అత్తగారు అడిగింది ఒకే ఒక్క పువ్వు. కోరి పిలిచిన సభలో ఆవిడ మాట నా వల్ల పోతోంది. ఈలోగా పార్వతిగారు వచ్చి, ఏమైనా తేడా వచ్చిందా యాదమ్మగారూ అని అడగనే అడిగారు. హాలంతా మా వైపే చూస్తోంది.

అత్తగారు నా ముఖం ఒకసారి చూశారు.

"ఏం తేడా లేదమ్మా. మా ఇంట్ల బతుకమ్మకు కింద కసిందనే పేరుస్తరు, ఘాటుకు దిష్టి వోతది. మీదంగ తంగేడు పెడ్తరు. మా పిలగానికి ఎర్కే గదంత."

మా పిలగాడు అన్నారు. అల్లుడు అనలేదు. ఆవిడ సంచిలోంచి చిన్న తంగేడు కట్ట తీశారు. వాళ్ల ఇంటి వెనక తెంపుకొచ్చిందట. నా మీద నమ్మకం ఉన్నా నా ఫోన్ మీద లేదన్నమాట. తన బతుకమ్మకే చాలీచాలని ఆ కట్టను విడదీసి, కాలనీలో ప్రతి గోపురం మీదా ఒక్కో రెమ్మ గుచ్చారు. ఆ కంపులోనే అందరూ చప్పట్లు కొట్టి, తుమ్ముకుంటూ ఆడారు. ఆ రాత్రి ఆవిణ్ని దింపడానికి మేడ్చల్ వెళితే, ఆ ఇంట్లో నాకు మొదటిసారి కుర్చీ వేయలేదు. నేలమీద పక్కన కూర్చోబెట్టుకుని బతుకమ్మ ప్రసాదం సద్ది పెట్టారు. అంత ఆనందం మళ్లీ కలగలేదు.

కథ అక్కడితో ఆగితే నేను ఇంత అలసిపోయి ఉండేవాణ్ని కాదు. మరుసటి ఏడు పార్వతిగారు కబురు చేశారు. మీ అత్తగారి ఆచారం ప్రకారం ఈసారీ కసింద మీరే తేవాలి, పక్క కాలనీ వాళ్లు కూడా అడుగుతున్నారు, కాస్త ఎక్కువే తెండి అని. నన్ను విడిపించమని అత్తగారికి ఫోన్ చేశాను. ఆవిడ చాలాసేపు నవ్వి అన్నారు:

"నా నోట్లకెళ్లి మాటొచ్చె గద బిడ్డా. ఇగ ఆచారమైపాయె. తెంపుకరా పో."

అప్పటినుంచి ఏటా వెళ్తున్నాను. నిజమైన తంగేడు పొదలను దాటుకుంటూ పోయి, ఏరి ఏరి కంపు మొక్కనే కోస్తాను. స్కూటర్ సీటు సంక్రాంతి దాకా వాసన వేస్తుంది.

అందుచేత పాఠకులారా, నొప్పి పుట్టిన నా నడుం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ పువ్వునూ గుర్తుపట్టను. గులాబీ తెచ్చి ముక్కుకు తగిలించినా, ఇదేమిటో మా అత్తయ్యగారిని అడిగి చెబుతానంటాను. అడగను కూడా. నన్ను కాపాడటానికి ఆవిడ ఇంకేమంటారో, దాన్ని ఏ పండగకు మోయాల్సి వస్తుందో.