తూర్పు గట్టున తెల్లపంచలు

మిద్దె మీద తడిపంచ ఆరేస్తే దాని ఆవిరి ముక్కుకు తగిలి, బట్టలకు పట్టించే సౌడుమన్ను వాసన, బట్టలు ఉడికే చాకిబాన కింద మండే తుమ్మకంప పొగ, దసరా వానలకు నిండిన చెరువు మీంచి వచ్చే పచ్చిగాలి, అన్నీ ఒక్కసారిగా వచ్చి నన్ను చుట్టుకుంటాయి. ఇప్పటి సబ్బుల్లో ఆ వాసన ఎక్కడిదవ్వా అని నా మనవడు నవ్వుతాడు. నవ్వనీ, వాడికేం తెలుసు.

మాది చాకలి ఇల్లు. కర్నూలు అంచున, తెల్లదొరల కాలంలో, అంత ఊరూ ఒక్క చెరువును ఎట్లా పంచుకుని బతికిందో తలుచుకుంటే నాకే నమ్మబుద్ధి కాదు. ఉత్తరం మెట్ల దగ్గర తాగేనీళ్ళ బిందెలు, దక్షిణాన బర్రెలు, పడమట మా చాకిరేవు, రేవును ఆనుకుని దూదేకులవాళ్ళ ఇండ్లు, దూది ఏకే వాళ్ళ వింటి నారి పొద్దస్తమానం టంగుటంగుమంటా ఉండేది. తూర్పు గట్టు తుమ్మచెట్లు మాత్రం పక్షులవి. వానలు వెనకబట్టి ఎండ మెత్తబడే రోజుల్లో తొలిగుంపు దిగిన పొద్దున, మా నాయనను కన్న జేజినాయన తలకు తువ్వాల చుట్టుకుని కట్ట పొడుగునా నడుస్తా కేకేసేవాడు.

"సుట్టాలొచ్చినారప్పా! తూరుపు గట్టుకు ఎవురూ పోవద్దండి. తెల్లబట్ట నీళ్ళకాడ పరవద్దండి!"

తెల్లబట్ట పరిస్తే కొంగలు తమవాళ్ళే అనుకుని దాని పక్కన దిగుతాయి, దిగినచోట మనుషుల చేతికి చిక్కుతాయి. అందుకని అవి వెళ్ళిపోయేదాకా తెల్లబట్టలన్నీ చెరువు కంటబడకుండా ఇండ్ల వెనక బీడులోకి మోసుకుపోయి ఆరేసేవాళ్ళం. ఉన్న చాకిరీ చాలదని ఇదొకటా అని మా అమ్మ గొణిగేది, గొణుగుతానే మోసేది.

నేనూ, దూదేకుల దస్తగిరి మామ కూతురు మాబున్నీ, వేయించిన వేరుశనగ బుడ్డలు ఒళ్ళో పోసుకుని కట్ట మీద కూర్చుని, బుడ్డల పొట్టు గాలికి ఎగిరి మా తలల్లోనే పడుతున్నా దులుపుకోకుండా, తెల్లకొంగలు మెడలు ముడుచుకుని కునుకు తీయడం, బాతుల గుంపులు నీళ్ళ మీద గీతలు గీస్తా పోవడం పొద్దుగూకేదాకా చూసేవాళ్ళం. తెడ్డుమూతి కొంగ బురదలో ముక్కు అటూఇటూ తిప్పుతుంటే, "మీ జేజినాయన సంగటి కలిపినట్టే ఉండాది చూడు మే," అని మాబున్ని పడీపడీ నవ్వేది.

ఒక యేడు కొంగలు దిగిన రోజుల్లోనే మాబున్నికి జ్వరం తగులుకుంది. దస్తగిరి మామ మంచాన్ని చెరువు వైపు వసారాలో వేసినాడు. పిల్ల సగమైపోయింది, చూపు కూడా మందగించింది.

"మే, కొంగలు యాడుండాయి? నాకు సున్నంబొట్లు మాదిరి కనపడతాండాయి అంతే. ఒక్కసారి దగ్గరగా చూడాల."

నా చేతులు విరిగిపోనూ! మరుసటి పొద్దున అమ్మ చాకిబాన దగ్గర ఉన్నప్పుడు, ఎవరివో ఎనిమిది పంచలు ఎత్తుకుపోయి మాబున్ని ఇంటి ముందర, నీటి ఒడ్డున పరిచి రాళ్ళు పెట్టినాను. ఎండ పొడిచేసరికి కొంగలు ఒకటొకటిగా వచ్చి వాలినాయి. మాబున్ని మంచం మీద లేచి కూర్చుంది.

"సుట్టాలు మా ఇంటికే వచ్చినారు మే!"

తూర్పున తుమ్మకంప అడ్డం కాబట్టి తుపాకీ గుండు పోదు. ఈడ బాట పక్కనే బయలు. ఆ బాటన పోతున్న దొర ఒకడు గుర్రం దిగినాడు. రెండు దెబ్బలు పేలినాయి. లేచినవి లేచిపోయినాయి, లేవలేనివి పంచల మీదనే కొట్టుకున్నాయి. తెల్లపంచలు ఎర్రగా తడిసినాయి.

జేజినాయన పరుగున వచ్చి ఆ పంచలు చూసినాడు.

"ఎవురు పరిసినారు?"

మంచం మీంచి మాబున్నే అంది, "నేనే పరవమంటి జేజినాయనా." అమ్మతోడు, ఆ పిల్ల ఏనాడూ నన్ను పరవమనలేదు. జేజినాయన నన్నొకసారి చూసి, వంగి పంచలు ఏరుకున్నాడు. నన్ను కొట్టింటే బాగుండు.

కొంగలు లేక చెరువు బోసిపోయింది. మాబున్నికి రోజూ ఒకటే ప్రశ్న. "మళ్ళా వచ్చినాయా?" నా వల్లనే కదా అని నాకు అన్నం సహించేది కాదు.

ఒకరోజు తెల్లారేసరికి జేజినాయన ఉతికిన పంచల మూట నెత్తిన పెట్టుకుని, "రా," అన్నాడు. నన్ను వెంటబెట్టుకుని తూర్పు గట్టుకు పోయినాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఊరందరినీ పోవద్దన్న మనిషి, నడుములోతు నీళ్ళల్లో దిగి, ముండ్లు చేతులు గీరుతుంటే, కొమ్మకొమ్మకూ ఒక పంచను మెడ ముడుచుకుని కూర్చున్న కొంగ మాదిరి చుట్టి పెట్టినాడు. నేను అందిస్తా ఏడ్చినాను.

తిరిగి వచ్చేసరికి మాబున్ని అటే చూస్తాంది.

"వచ్చినాయి మే. అన్నీ వచ్చినాయి. ఎంత నిమ్మళంగా కూసున్నాయో!"

"అవును మే," అన్నాను.

మూడోనాటికి మాబున్ని లేదు. ఆ పంచలు విప్పుకురావడానికి జేజినాయన పోలేదు, దస్తగిరి మామే పోయి తెచ్చినాడు.

ఇప్పుడా చెరువు చుట్టూ కంచె, లోపల సిమెంటు బాట, రంగు వేసిన సిమెంటు కొంగలు రెండు. చాకిరేవు లేదు, బర్రెలు లేవు, టంగుటంగుమనే విల్లు లేదు, కట్ట మీద కేకేసే మనిషి లేడు. మొన్న వానలు వెనకబట్టినాక, మనవడి తెల్లపంచను మిద్దె మీద పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, పక్కనే కూర్చున్నాను. ఎండలో ఏం పని అవ్వా, లోపలికి రా అని వాడు కేకలు. రాను పోరా అన్నాను. పొద్దుగూకేదాకా ఆకాశం చూస్తానే ఉన్నాను. ఏదీ దిగలేదు. పంచ ఎప్పుడో ఆరిపోయింది.