కండెమైన జీపూ, మా మావయ్యగారూ

మా ఊరి పోలీస్ స్టేషన్ జీపు కండెమ్ అయిందన్న కబురు ముందుగా మోసుకొచ్చింది మాకు పాలు పోసే ఆవిడ. ఇక నడపడానికి పనికిరాదని పైవాళ్ళు రాసేస్తే ఆ బండి కండెమ్ అయినట్టు. దాని బదులు కొత్త కారు వస్తుందని విని ఊరంతా సంతోషించింది. సంతోషించదూ మరి! ఆ జీపు కదలాలంటే నలుగురు తొయ్యాలి. ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్ళినవాళ్ళూ, ఆ ఫిర్యాదు ఎవరి మీదో వాళ్ళూ చెరోపక్క నిలబడి తోసిన రోజులు నేను కళ్ళారా చూశాను. ఆ బాధ పడలేకే దాన్ని స్టేషన్ ఎదురుగా కాలవగట్టు వాలులో, చక్రం కింద ఇటుక పెట్టి ఉంచేవారు. నాకు మాత్రం ఆ కబురు వినగానే గుండెల్లో రాయి పడింది.

ఆ జీపు కొత్తగా వచ్చిన నాటి నుంచి తాను రిటైరయ్యేదాకా దాన్ని నడిపింది మా మావయ్యగారే. పోలీస్ డ్రైవరు. రిటైరైన కొన్నేళ్ళకు ఆయనకు మతిమరుపు మొదలైంది. ముందు కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మర్చిపోయేవారు, తరవాత అన్నం తిన్నారో లేదో మర్చిపోయేవారు, ఆ తరవాత సొంత కొడుకు పేరు. మర్చిపోనిది ఒక్కటే. పొద్దున్న టిఫిన్ అవగానే బ్యాడ్జీలు ఊడదీసిన పాత ఖాకీ చొక్కా తొడుక్కుని స్టేషన్‌కి బయల్దేరేవారు. జీపు అద్దాలు తుడిచి, ఎక్కి స్టీరింగు ముందు కూర్చునేవారు. స్టేషన్ వాళ్ళు పాపం మంచివాళ్ళే, ఏమీ అనేవారు కాదు, టీ కూడా ఇచ్చేవారు. మధ్యాహ్నం నేను వెళ్ళి “భోజనానికి రండి మావయ్యగారూ” అంటే, “వస్తున్నానమ్మాయ్, డ్యూటీ అయిపోయింది” అని దిగి వచ్చేవారు. ఆయన ఇంట్లో కనబడకపోతే వెతకాల్సిన చోటు ఒక్కటే కాబట్టి నేను నిశ్చింతగా వంట చేసుకునేదాన్ని.

ఒకసారి ఆ జీపును రిపేరుకని రావులపాలెం షెడ్డుకు పంపారు. ఆ రోజు ఆయన జీపును వెతుక్కుంటూ వెళ్ళి హైవే మీద దొరికారు. డివైడరు మీద నిలబడి, వచ్చే లారీకల్లా చెయ్యెత్తుతున్నారు. అరటిగెలల వ్యాపారి ఎవరో గుర్తుపట్టి తీసుకొచ్చి అప్పగించాడు. ఒక్క పూట జీపు లేకపోతేనే ఆ పని చేసిన మనిషి, అది శాశ్వతంగా పోతే ఏం చేస్తారు? ఎక్కడని వెతకను? ఆ ఆలోచనతో నాకు కంటి మీద కునుకు లేకుండా పోయింది.

స్టేషన్‌కి వెళ్ళి ఎస్సై గారిని అడిగాను. కుర్రాడు, మర్యాదస్తుడు.

“జీపును మీ స్టేషన్ వెనకాల గోడ పక్కన ఆ మూల పడేసి ఉంచండి బాబూ. ఇంజను పీకేసినా పర్లేదు. ఆయన కూర్చోడానికి సీటూ స్టీరింగూ ఉంటే చాలు.”

“గవర్నమెంటు ఆస్తండి. పాత బళ్ళన్నీ రాజమండ్రి యార్డులో చేర్చి వేలం వేస్తారు. నా చేతిలో ఏముందండి?” అని, “దాన్ని లాక్కెళ్ళే రోజు మాత్రం ఆయన్ని ఇంట్లోనే ఉంచండి” అన్నారు.

గేదెను రాటకు కట్టెయ్యమన్నంత తేలిగ్గా అన్నారు. ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి చెబితే మా ఆయనది ఇంకో తీరు. “జీపు పోతే నాలుగు రోజుల్లో అదీ మర్చిపోతారులే” అన్నారు, అరటితోటకు వెళ్ళడానికి చెప్పులు వేసుకుంటూ.

“మర్చిపోవాల్సిందేదీ ఆయన మర్చిపోవట్లేదండి. అదే కదా మన ఖర్మ!” అన్నాను. మా ఆయన తోటకు వెళ్ళిపోయారు. వాళ్ళ నాన్న సంగతి ఎత్తితే ఆయన అలాగే వెళ్ళిపోతారు. భయమంతా నా ఒక్కదాని వంతు.

కొత్త కారు వచ్చి జీపు పోయే రోజు రానే వచ్చింది. ఆ పొద్దున మావయ్యగారికి ఒక్కో దోసె ఆలస్యంగా వేశాను. టీవీలో భక్తి పాటలు పెట్టాను. వీధి గేటుకు తాళం వేశాను. గ్యాస్ బండ తెచ్చినతను గేటు కొడితే తాళం తీసి, బండ లోపల పెట్టించి, మళ్ళీ తాళం వేశాను. ఇంత జాగ్రత్త పడ్డదాన్ని పెరటి తలుపు సంగతే మరిచాను. హాల్లోకి వచ్చి చూస్తే టీవీ పాడుతోంది, కుర్చీ ఖాళీగా ఉంది, కొక్కేనికి ఖాకీ చొక్కా లేదు.

చెప్పులు కూడా వేసుకోకుండా స్టేషన్‌కి పరిగెత్తాను.

అక్కడంతా పెళ్ళి సందడి. తెల్లగా మెరిసిపోతున్న కొత్త కారు, దానికి బంతిపూల దండలు, నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు, ఎదురుగా పగలగొట్టిన గుమ్మడికాయ. స్టేషన్ సిబ్బంది మొత్తం కారు ముందు వరసగా నిలబడి ఫోటో దిగుతున్నారు. కాలవగట్టు మీద చూశాను. జీపు లేదు. అది ఉండాల్సిన చోట నూనె మరకా, ఇటుకా ఉన్నాయి.

వరసలో చివర నిలబడ్డ హోంగార్డు ఇప్పుడు ఆ స్టేషన్ డ్రైవరు. అతని భుజం పట్టుకుని లాగాను. “జీపేదీ?”

“అదిగోండి, అక్కడే. ఫోటో అవగానే వ్యానుకు తాడు కట్టించి నేనే ఎక్కి తీసుకెళ్ళాలి...” అంటూ గట్టు వైపు చూశాడు. చేతిలో లడ్డూ జారి కింద పడింది.

ఎదురుగా టీ కొట్టావిడ కేకేసి చెప్పింది. “ఇందాకే వ్యానుకు కట్టి లాక్కుపోయారు కదండీ! మీ పెద్దాయనే స్టీరింగు మీద కూర్చున్నారు.”

తాడు కట్టి లాగే బండిలో ఒక మనిషి ఉండాలి. స్టీరింగు తిప్పుతూ, ముందు బండి ఆగితే తను బ్రేకు తొక్కుతూ ఉండాలి. లేకపోతే వెళ్ళి ముందు బండిని గుద్దేస్తుంది. రోడ్డున పోయే ఖాళీ వ్యానును ఆపి ఇలాంటి పనులు పురమాయించడం మా వైపు పోలీసులకు మామూలే. గెలలు దించి రాజమండ్రి వెళ్తున్న వ్యానట. “గట్టు మీద జీపు ఉంటుంది, డ్రైవరు ఎక్కుతాడు, లాక్కెళ్ళు” అని చెప్పి వీళ్ళు ఫోటోకు నిలబడ్డారు. అతను వెళ్ళి చూస్తే ఖాకీ చొక్కా మనిషి స్టీరింగు ముందు కూర్చునే ఉన్నారు. ఇక అనుమానం ఎందుకొస్తుంది? వ్యాను నంబరు గానీ అతని ఫోను గానీ ఎవరైనా రాసుకున్నారా అంటే అదీ లేదు. పెళ్ళి సందట్లో తాళి కట్టడం మరిచారంటే ఇదే.

“ఎక్కండమ్మా” అన్నారు ఎస్సై గారు. దండలతోనే కారు బయల్దేరింది. ముందు సీట్లో ఎస్సై గారు, హోంగార్డు నడుపుతుంటే వెనక నేను. సీట్లకు ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు.

హైవే ఎక్కగానే ఎస్సై గారు వైర్‌లెస్ సెట్టు చేతిలోకి తీసుకున్నారు, దారిలో ముందున్న స్టేషన్ల వాళ్ళతో వ్యానును ఆపించడానికి.

“వద్దు సార్” అన్నాడు హోంగార్డు. “ఎవరైనా అడ్డంగా చెయ్యెత్తితే వ్యానతను సడన్‌గా బ్రేకు కొడతాడు. పెద్దాయన చూసుకోలేదంటే అంతే సంగతులండి.”

ఎస్సై గారు సెట్టు కింద పెట్టేశారు. ఆపితే ప్రమాదం, ఆపకపోతే ప్రమాదం. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు వస్తానని మొక్కుకున్నాను. అంతకన్నా నా చేతిలో ఏముంది?

గోదావరి వంతెన మీద కనబడ్డారు. ముందు వ్యాను, మధ్యలో తాడు, వెనక మా జీపు. జీపు వెనక టార్పాలిన్ రెక్కల మధ్య నుంచి ఆయన తెల్లజుట్టు కనిపిస్తోంది. “హారన్ కొట్టకు” అన్నాను హోంగార్డుతో. వెనక్కి తిరిగి చూస్తారేమోనని నా భయం. లైట్లు వెలిగించి జీపు వెనకాలే మెల్లగా వెళ్ళాం, వేరే బళ్ళు దగ్గరికి రాకుండా.

జొన్నాడ దగ్గర అరటిగెలలు కట్టుకున్న మోటారుసైకిలు ఒకటి వ్యానుకు అడ్డం వచ్చింది. వ్యాను ఆగిపోయింది. జీపు ఆగలేదు. నేను కళ్ళు మూసుకున్నాను. చప్పుడు వినబడలేదు. కళ్ళు తెరిస్తే, జీపు కొంచెం పక్కకు వొరిగి, వ్యానుకు మూరెడు దూరంలో నిలబడి ఉంది. కుడిచెయ్యి బయట పెట్టి మా కారును కూడా ఆగమంటున్నారాయన.

“అబ్బ! ఎంత బాగా పట్టారండి” అన్నాడు హోంగార్డు.

అతనికి మెచ్చుకోలుగా ఉంది, నాకు ఇంకా భయం పెరిగింది. ఈసారికి గుర్తుంది. వచ్చే మలుపు దగ్గర బ్రేకు ఏ కాలి కిందో మర్చిపోతే? సొంత కొడుకునే మర్చిపోయిన మనిషి! అక్కణ్ణుంచి రాజమండ్రి దాకా కిటికీలోంచి తల బయట పెట్టి, ఆ తాడు మీద నుంచి చూపు తిప్పలేదు. అది వదులైతే ఊపిరి ఆగేది, బిగుసుకుంటే వచ్చేది.

యార్డు అంటే పెద్ద ఖాళీ స్థలం. పాత జీపులు, వ్యాన్లు, వాటి మధ్య నుంచి మొలిచిన గడ్డి. వ్యాను ఆగింది, జీపూ ఆగింది. మావయ్యగారు హ్యాండ్ బ్రేకు వేసి, దిగి, భుజం మీది తువ్వాలుతో అద్దం తుడవడం మొదలుపెట్టారు. వ్యానతను తాడు విప్పుకుంటూ, “మీ డ్రైవరు గారు గట్టివారండి” అన్నాడు. అతన్నీ, ఎస్సైనీ, పెరటి తలుపునీ, మా ఆయన్నీ అందరినీ కలిపి తిడదామని దారంతా అనుకున్నాను. తీరా వెళ్ళి మావయ్యగారి ఎదురుగా నిలబడి భోరుమని ఏడ్చేశాను.

ఆయన తుడవడం ఆపి నన్ను చూశారు. ఆ చూపులో నేను లేను. ఇరవై ఏళ్ళుగా ఆయనకు అన్నం పెట్టిన కోడలు లేదు. స్టేషన్ గుమ్మంలోకి ఏడుస్తూ వచ్చిన ఎవరో ఆడమనిషిని చూసినట్టు, జాలిగా, ఓపిగ్గా చూశారు.

“ఏమ్మా, ఎందుకేడుస్తున్నావ్? మీవాళ్ళెవరన్నా తప్పిపోయారా?”

అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు.

“మా మావయ్యగారండీ” అన్నాను.

“పెద్దాయనా? ఎలా ఉంటారు?”

“జుట్టంతా తెల్లబడిందండి. ఖాకీ చొక్కా తొడుక్కున్నారు. ఏమీ గుర్తుండదండి ఆయనకి.”

తలూపుతూ శ్రద్ధగా విన్నారు. తువ్వాలు భుజాన వేసుకుని, జీపుకు అటుపక్కగా వెళ్ళి నా కోసం తలుపు తెరిచి పట్టుకున్నారు.

“కంగారు పడకమ్మా. ఎంత దూరం పోతాడు పెద్దాయన! ఎక్కు, దొరికేదాకా వెతుకుదాం.”

నేను ఎక్కి కూర్చున్నాను.