నీలం తాగిన తలలు

ఆసుపత్రి ప్రయోగశాలలో ముప్ఫయ్యొక్కేళ్ళుగా సూక్ష్మదర్శినికి కళ్ళప్పగించిన పెద్ద టెక్నీషియన్‌కు వీర్యపరీక్ష రిపోర్టంటేనే ఒళ్ళు మంట. కణాలెన్ని, కదిలేవెన్ని అని రెండంకెలు వేసి కింద ‘నార్మల్’ ముద్ర గుద్దితే మగవాడు నిర్దోషి. ఆపైన నేరమంతా ఇంటి ఆడదానిదే. కణం తల లోపల ఏముందో కూడా చూడాలని పైఅధికారికి తొమ్మిది ఉత్తరాలు రాశాడు. తొమ్మిదింటి నకళ్ళూ బీరువాలో ఉన్నాయి. జవాబు ఒక్కటీ లేదు.

కంటికి ఆనని ఆ తలలో గజం పొడవు డీఎన్ఏ పోగు ఇమడాలి. తండ్రి ఇచ్చే వారసత్వమంతా ఇరవైమూడు క్రోమోజోములుగా అందులోనే ఉంటుంది. మామూలు కణాల్లో దాన్ని చుట్టి ఉంచే ప్రొటీన్లు వీర్యకణం తయారయ్యేటప్పుడు చాలావరకు తొలగిపోతాయి. ప్రోటమిన్ అనే మరో ప్రొటీన్ వచ్చి పోగును బిగించి కడుతుంది. కట్టు బిగిసిన తల నీలిరంగులో ముంచినా తెల్లగానే ఉంటుంది. కట్టు వదులైన తల నీలం తాగుతుంది. అలాంటి కణమూ ఈదుతుంది, లెక్కకొస్తుంది, అండాన్నీ చేరగలదు. ఆ తర్వాతే గండం, గర్భం నిలవకపోవచ్చు.

ఈ రంగు పరీక్షను ఆయన సొంత పూచీ మీద చేసేవాడు. కొత్త సీసా విప్పినప్పుడల్లా మంచిదని తెలిసిన నమూనా మీద ముందు సరిచూడాలి. ఆ నమూనా ఆయన తమ్ముడిది. బ్యాటరీల కర్మాగారంలో గేటు కాపలాదారు, ఒక కూతురి తండ్రి.

“ఏం అన్నయ్యా, మళ్ళీ నా అవసరం పడిందా? ఈ ఆసుపత్రి మొత్తం నా మీదే నడుస్తోందే!”

“నడిపింది చాల్లే. ఆ డబ్బా మూత సరిగ్గా పెట్టు.”

రెండేళ్ళ కిందట ఆ స్లైడు నీలమెక్కింది. ఎప్పుడూ నూటికి పన్నెండు దాటని నీలి తలలు ముప్ఫైనాలుగయ్యాయి. తమ్ముణ్ణి అనుమానించాలని ఆయనకు తోచనే లేదు. రంగే కల్తీ అని సీసా వెనక్కి పంపాడు. రెండోదీ అంతే. మూడోదీ అలాగే తేలాక ఘాటుగా రాస్తే కంపెనీవాళ్ళు రెండు వాక్యాల్లో తేల్చేశారు: రంగు సరిగ్గానే ఉంది, మీ నమూనా చూసుకోండి. ‘పొగరు’ అని ఎర్రసిరాతో రాసి ఆ ఉత్తరాన్ని ఫైల్లో పెట్టాడు. పరీక్షే మానేశాడు.

ఆ రెండేళ్ళలో మరదలికి రెండు గర్భాలు పోయాయి. “దీని ఒంట్లోనే సత్తువ లేదు, నా కొడుక్కేం, గుండులా ఉన్నాడు,” అని తల్లి వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పింది. తమ్ముడి రిపోర్టు మీద ‘నార్మల్’ అని సంతకం చేసింది మాత్రం ఈయనే.

పోయిన సోమవారం, మూలపడేసిన ఆ మూడో సీసాను పారబోసే ముందు, ఎందుకో మనసొప్పక, ఈమధ్యే కవలలు పుట్టిన ఆసుపత్రి డ్రైవరు నమూనా మీద వేసి చూశాడు. నూటికి తొమ్మిదే నీలం. రంగు బంగారంలా ఉంది.

ఫైలు తిరగేశాడు. తమ్ముణ్ణి గేటు నుంచి సీసం కరిగించే మూసల దగ్గరికి మార్చిన అయిదు నెలలకే మొదటి సీసా వెనక్కి వెళ్ళింది. ప్రోటమిన్ కట్టును పట్టి ఉంచే జింకు చోటులోకి సీసం దూరగలదన్న వ్యాసం, తానే గీతలు గీసుకుని దాచింది, అదే బీరువాలో ఉంది.

ఆదివారం మధ్యాహ్నం కాగితాలన్నీ చంకన పెట్టుకుని తమ్ముడింటికి వెళ్ళాడు.

“మూసల దగ్గర పని మానెయ్యరా. లోపం నీ దగ్గరుంది, నీ భార్యలో కాదు.”

తమ్ముడు నవ్వాడు. “సంతకం పెట్టింది నువ్వే కదా! ఆ రోజు కళ్ళజోడు మరిచిపోయావా ఏంటి?”

“ఆ సంతకం తప్పు.”

నవ్వు ఆగిపోయింది. తల్లి మంచం మీంచి లేచి కూర్చుంది. “ఎవరు నూరిపోశార్రా నీకివన్నీ?”

మరదలు వంటింటి గుమ్మంలోంచి వచ్చి కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది.

“ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయి బావగారూ ఇవి?”

“రెండేళ్ళమ్మా.”

“మీ బీరువాలోనే?”

ఆయన తలూపాడు. ఆమె కాగితాలను అంచులు కలిపి బల్ల మీద పెట్టింది.

“నాకు రెండో నెల. ఇంకా ఎవరికీ చెప్పలేదు.”

వీర్యకణం తయారవడానికి డెబ్బై రోజుల పైనే పడుతుంది. గోడకు తమ్ముడి హాజరు కార్డు వేలాడుతోంది. ఆయన దాని ముందు నిలబడి, గర్భం నిలిచిన రోజు వరకూ వదిలేసి, అక్కణ్ణుంచి వెనక్కి ఆ డెబ్బై రోజులనూ వేలితో ఒక్కో గడీ లెక్కపెట్టసాగాడు. ప్రతి గడిలోనూ మూసల గది ముద్రే ఉంది. ఒక్క సెలవైనా కనిపించలేదు.